ఇంటిల్లిపాదికీ ఓనమాలు

పసిబిడ్డకు పలక కొనిచ్చిన రోజే తల్లి చేతికీ ఒక బలపం అందితే ఆ ఇంట్లో చదువు వేరూనుతుంది. కృష్ణమ్మ కడలిలో కలిసే కోడూరు సీమలో ఆ పని ఎందుకు జరగాలి, ఎక్కడ మొదలవ్వాలి, ఎలా నిలబడాలి?

పళ్లెంలో బియ్యం పోసి చదును చేస్తారు. పక్కనే పసుపు బొట్లు పెట్టిన కొత్త పలక ఉంటుంది. తండ్రో, తాతో, మేనమామో బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ చిట్టి చూపుడు వేలిని తన గుప్పిట్లోకి తీసుకుని బియ్యంలో మొదటి అక్షరం దిద్దిస్తారు. వసంత పంచమికో విజయదశమికో తెలుగిళ్లలో జరిగే అక్షరాభ్యాసం ఇది. చదువు ఇంట్లో, ఒకరి ఒళ్లో, ఒకరి చెయ్యి పట్టుకుని మొదలవ్వాలని మన పెద్దలు ఎప్పుడో గుర్తించారు.

చదువు రాని ఇంట్లో ఆ వేడుక ఇంకోలా జరుగుతుంది. బిడ్డను పంతులుగారి ఒళ్లోనో టీచరుగారి ఒళ్లోనో కూర్చోబెట్టి తల్లి పక్కకు తప్పుకుంటుంది. ఆ ఒక్క అడుగు వెనక్కి వేయడం ఆ రోజుతో అయిపోతే బాగుండును. హోంవర్కు చూడాల్సి వచ్చినప్పుడూ, బడిలో సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడూ, మందుసీసా మీద రాసింది చదవాల్సి వచ్చినప్పుడూ ఆమె అలాగే వెనక్కి తప్పుకుంటుంది. ఈ కథనం ఆ అడుగు గురించే.

శివారు భూముల ఊరు

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండుగా చీలి, నడుమ దివిసీమను ఒడిలో పెట్టుకుంటుంది. అవనిగడ్డ దాటి దక్షిణంగా వెళితే కోడూరు. అక్కడి నుంచి ఉల్లిపాలెం, హంసలదీవి, పాలకాయతిప్ప. ఆ తర్వాత సముద్రమే. కాలువ నీళ్లు ఇక్కడికి రావాలంటే పులిగడ్డ అక్విడక్టు మీదుగా నదినే దాటాలి. కాలువ మొదట్లో ఉన్న రైతు నారు పోసుకున్నాక కూడా ఇక్కడి రైతు ఆకాశం వంకా తూము వంకా చూస్తుంటాడు. శివారు భూములంటే అంతే. అందరికీ అందాక మిగిలిన నీళ్లే చివరి మడికి చేరతాయి.

చదువుదీ అదే తీరు. 1855 నాటికే బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి డెల్టా కాలువలు పారాయి. అంతకుముందే, 1843లో, మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ ఇంగ్లీషు బడి తెరిచారు. 1910లో కోపల్లె హనుమంతరావు తన మిత్రులతో కలిసి అదే ఊళ్లో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. నీళ్లలోనూ చదువులోనూ ముందున్న జిల్లాగా కృష్ణాకు పేరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం ఉంటే కృష్ణా జిల్లాలో దాదాపు 74 శాతం ఉంది. అయినా ఆ లెక్కనే తిప్పి చదివితే ఏడేళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి అక్షరం అందలేదు. మగవారికంటే ఆడవారి శాతం తొమ్మిది తక్కువ. ఆ మిగిలిపోయినవారిలో ఎందరో ఇవాళ అమ్మలు, అమ్మమ్మలు, నాయనమ్మలు.

శివారు ఇంటి రోజు ఎలా గడుస్తుందో డెల్టాలో పుట్టిన ఎవరికైనా తెలుసు. నాట్ల రోజుల్లో తెల్లారకముందే ముఠా కదలాలి. వరి కోతకు ముందే తడి మీద మినుములు చల్లుతారు. అవి పంటకొచ్చాక మినుము పీకుడుకు పిలుపు వస్తుంది. రొయ్యల చెరువుల్లో పట్టుబడి ఉంటే ఏ అర్ధరాత్రో వెళ్లాలి. చెరువు కాపలాకు కుదిరిన కుటుంబం ఊరికి దూరంగా గట్టు మీదే గుడిసె వేసుకుంటుంది. వలల మీదా పీతల మీదా బతికే యానాది కుటుంబాలు పని ఉన్న చోటికి కదులుతూ ఉంటాయి. వాళ్లతోపాటే పసివాళ్లూ కదులుతారు. అంగన్‌వాడీ రిజిస్టరులో పేరుంటుంది, బిడ్డ మాత్రం చెరువు గట్టున ఉంటుంది.

కాలువ ఉంది, బోదె లేదు

పసిపిల్లల కోసం పెద్ద కాలువ ఎప్పుడో తవ్వారు. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి సిఫారసు, తల్లులకు ఆరోగ్య పాఠాలు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు, ఇలా ఆరు సేవలు ఒకే గడపలో అందాలన్నది దాని సంకల్పం. ఇవాళ రాష్ట్రంలో 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. 2013లో వచ్చిన జాతీయ విధానం పూర్వ ప్రాథమిక విద్యను బాధ్యతగా గుర్తించింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరిగిపోతుందని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మూడో తరగతికి వచ్చేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం పెట్టుకుంది.

తల్లిదండ్రులను పిలవడమూ జరుగుతోంది. అంగన్‌వాడీల్లో నెలకోసారి ఈసీసీఈ (పసితనపు సంరక్షణ, విద్య) డే పేరుతో తల్లులను కూర్చోబెట్టి బిడ్డల ఆటపాటలు చూపిస్తారు. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు తల్లిదండ్రుల మహా సమావేశాలు జరిగాయి. ఇవన్నీ మంచి పనులే. కానీ ఆ సమావేశానికి పనికూలి వదులుకుని వచ్చిన తల్లి, బిడ్డ ప్రగతి పత్రాన్ని చేతిలో పట్టుకుని, దాన్ని అదే బిడ్డ చేత చదివించుకోవాల్సి వస్తే ఆమె మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి.

డెల్టా రైతుకు బోదె అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పెద్ద కాలువ నుంచి పొలం మడిలోకి నీళ్లు తెచ్చే చిన్న దారి అది. కాలువ ఎంత నిండుగా పారినా బోదె తవ్వకపోతే మడి ఎండుతుంది. అంగన్‌వాడీ, బడి పెద్ద కాలువలు. ఇల్లు చివరి మడి. తల్లిదండ్రులకూ పసిపిల్లలకూ కలిపి ఒకే చోట చదువు చెప్పే ఏర్పాటే ఆ రెంటి నడుమ తవ్వాల్సిన బోదె. ప్రపంచం దాన్ని కుటుంబ అక్షరాస్యత అంటోంది. మనం ఇంటిల్లిపాది చదువు అనుకోవచ్చు.

"మాకేం వచ్చండీ?"

ఇలాంటి మాట ఎత్తగానే ఊళ్లో తల్లుల నుంచి మొదట వినిపించే జవాబు ఒకటే. "మాకేం వచ్చండీ, మేం చదువుకున్నోళ్లమా?" పని మొదలవ్వాల్సింది ఇక్కడే, ఆ మాట తప్పని ఆమెకు చూపించడంతోనే.

రొయ్యల పట్టుబడికి వెళ్లే తల్లికి కౌంటు తెలుసు. కిలోకు వంద తూగితే వంద కౌంటు, ముప్పై తూగితే ముప్పై కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. విలోమ నిష్పత్తి పేరుతో హైస్కూల్లో పిల్లలు తడబడే లెక్క ఇదే. ఆమె ఆ లెక్కను చేత్తో తడిమి చెబుతుంది. సముద్రం మీదికెళ్లే తండ్రికి తిథిని బట్టి పోటూ పాటూ తెలుసు, అమావాస్య పున్నాలకు నీరు ఎంత పొంగుతుందో తెలుసు. ఇంట్లో ముసలమ్మకు నాలుగు గిద్దలు సోల అనీ, రెండు సోలలు తవ్వ అనీ, రెండు తవ్వలు మానిక అనీ తెలుసు. ఒక గిన్నె బియ్యం, ఒక సోల గ్లాసు ముందు పెట్టుకుంటే నాలుగేళ్ల బిడ్డకు సగం, పావు, రెట్టింపు అక్కడే అర్థమైపోతాయి.

బలపం పట్టడం రాదనే చెయ్యి పొద్దున్నే వాకిట్లో మెలికల ముగ్గు వేస్తుంది. చుక్కలు లెక్కపెట్టి, గీత ఎక్కడ మొదలైందో అక్కడికే తెచ్చి కలుపుతుంది. తెలుగు అక్షరాలన్నీ గుండ్రని ఒంపులే. ముగ్గు తిప్పిన మణికట్టుకు 'ర' రాయడం, 'గ' రాయడం ఎంతసేపు? పెద్దలకు చదువు చెప్పేవారు ముగ్గుపిండితోనే తొలి పాఠం మొదలుపెట్టవచ్చు. బిడ్డ పక్కన కూర్చుని అదే ఒంపును ఇసుకలో దిద్దుతుంది.

మాటల సంపద సంగతి చెప్పేదేముంది? చందమామను పిలుస్తూ ముద్దలు పెట్టడం, కాళ్లు బారచాపించి వరసగా కూర్చోబెట్టి ఆడించడం, పొడుపుకథ వేసి విప్పమనడం, ఇవన్నీ పసిబిడ్డకు మాటనూ లయనూ జ్ఞాపకాన్నీ నేర్పే పాఠాలే. ఇదే దివిసీమలో, పెదకళ్లేపల్లిలో 1888లో పుట్టిన వేటూరి ప్రభాకరశాస్త్రి జనం నోళ్లలో నానుతున్న చాటువులను ఏరి కూర్చి 'చాటుపద్య మణిమంజరి'గా అందించారు. నోటి మాటకు సాహిత్యమంత విలువ ఉందని లోకానికి చూపించిన పండితుడు మన పక్క ఊరివాడే. ఆ విలువ అక్షరం రాని తల్లి నోటి కథకూ వర్తిస్తుంది. అందుకే అక్షరం వచ్చేదాకా ఆగమని ఏ తల్లికీ చెప్పకూడదు. మాట్లాడండి, కథ చెప్పండి, బిడ్డ అడిగినదానికి విసుక్కోకుండా బదులివ్వండి అని చెప్పాలి. అక్షరం ఆ వెనకే వస్తుంది.

సంతకం వచ్చింది, చదువు రాలేదు

డ్వాక్రా సంఘాలు మన పల్లెల్లో ఆడవాళ్లకు చేసిన మేలు చిన్నది కాదు. 1980లలో మొదలై తొంభైల్లో ఊరూరా పెరిగిన ఈ పొదుపు సంఘాలు బ్యాంకు గుమ్మం ఎక్కించాయి, సంతకం నేర్పాయి. వేలిముద్ర సిరా చెరుపుకోవడానికి పడ్డ కష్టం గుర్తున్నవాళ్లకు ఆ సంతకం విలువ తెలుసు. కానీ సంతకం పేరును గీయడం మాత్రమే. తీర్మానం పుస్తకంలో పైన రాసింది ఏమిటో చదవకుండా కింద తన పేరు గీసే చెయ్యి ఇంకా ఎవరినో నమ్ముకునే ఉంటుంది. లెక్కల్లో ఆమె అక్షరాస్యురాలు కావచ్చు. బిడ్డ పాఠ్యపుస్తకం తెరిచి మొదటి పేజీ చదవగలిగిన రోజే ఆమెకు ఆ మాట నిజంగా చెల్లుతుంది.

చదవగలిగిన తల్లులు ఏం చేయగలరో తెలుగునేల ఒకసారి కళ్లారా చూసింది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిందన్న వార్త దేశమంతా పాకింది. మరుసటి ఏడు నెల్లూరు జిల్లాలో అక్షర దీపం వెలిగింది. రాత్రి బళ్లలో కూర్చున్న ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుబోతు భర్త వల్ల చితికిన ఇల్లు అందులో ఉంది. చదువుతున్నది తమ కథే అని వాళ్లకు తట్టింది. దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టును మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. సారా వేలం పాటలు ఆగాయి. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. ఒక వాచకంలోని ఒక పాఠం చేసిన పని అది.

ఆ అక్షరాస్యత ఉద్యమాల్లో లోటు కూడా ఉంది. తల్లి రాత్రి బడికి వెళితే పసిబిడ్డను ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఒళ్లో బిడ్డ ఏడుస్తుంటే బలపం కింద పెట్టేసిన తల్లులు ఎందరో. ప్రచారం ముగిశాక చదవడానికి పుస్తకం లేక వచ్చిన అక్షరాన్ని మరిచిపోయినవాళ్లూ ఎందరో. ఇంటిల్లిపాది చదువు ఈ రెండు లోట్లనూ ఒక్కసారే తీరుస్తుంది. బిడ్డను పక్కనే కూర్చోబెట్టుకుంటుంది. ఆ బిడ్డ పుస్తకమే తల్లికి రోజూ చదివే పుస్తకం అవుతుంది.

లోకం నేర్పిన పాఠాలు

టర్కీలో 1982లో ముగ్గురు పరిశోధకురాళ్లు చిదెమ్ కాయిత్‌చిబాషి, సెవ్దా బెక్మన్, డయాన్ సునార్ ఇస్తాంబుల్ పేదవాడల్లో ఒక ప్రయోగం చేశారు. పసిపిల్లల తల్లులకు రెండేళ్ల పాటు శిక్షణ ఇచ్చారు. ఇంట్లో బిడ్డతో చేయాల్సిన చిన్న చిన్న పనులు నేర్పుతూ, తల్లులంతా గుంపుగా కూర్చుని కష్టసుఖాలు మాట్లాడుకునే వీలు కల్పించారు. ఆరేళ్ల తర్వాత వెళ్లి చూస్తే ఆ పిల్లలు బడిలో ఎక్కువగా నిలిచారు. ఇరవై రెండేళ్ల తర్వాత మళ్లీ చూస్తే విశ్వవిద్యాలయం దాకా వెళ్లినవారు వాళ్లలో ఎక్కువగా కనిపించారు. దాని నుంచే 1993లో అచెవ్ అనే సంస్థ పుట్టి ఆ పద్ధతిని దేశమంతా విస్తరించింది.

అమెరికాలో 1980ల నడుమ కెంటకీ రాష్ట్రం తల్లినీ బిడ్డనూ ఒకే బడికి రప్పించింది. ఒక గదిలో పెద్దల చదువు, పక్క గదిలో పిల్లల ఆటలు, ఆ పైన కొంతసేపు ఇద్దరూ కలిసి. ఆ స్ఫూర్తితో ఈవెన్ స్టార్ట్ అనే జాతీయ పథకం వచ్చింది. అయితే అది ఆశించిన ఫలితం ఇవ్వలేదని అధ్యయనాల్లో తేలింది, 2011లో నిధులు ఆగిపోయాయి. కుటుంబాలు కూర్చున్న గంటలు చాలా తక్కువని అప్పుడు గమనించారు. పథకం కాగితం మీద ఎంత అందంగా ఉన్నా, కూలిపని చేసుకునే తల్లికి కుదిరే వేళలో లేకపోతే నిలవదని మనం నేర్చుకోవాల్సిన పాఠం.

మన దేశంలోనూ ప్రథమ్ సంస్థ బిహార్, రాజస్థాన్ పల్లెల్లో ఇదే పని చేసింది. కొన్ని ఊళ్లలో తల్లులకు అక్షరాలు నేర్పింది. కొన్నింటిలో బిడ్డ చదువులో ఎలా పాలుపంచుకోవాలో ఇంటికెళ్లి చూపించింది. మరికొన్నింటిలో రెండూ కలిపింది. 2017లో అచ్చయిన ఆ అధ్యయనంలో తల్లుల చదువూ పిల్లల లెక్కలూ మెరుగుపడినట్టు తేలింది. మెరుగు కొద్దిపాటిదే. ఒక ఏడాదిలో అద్భుతాలు జరగవు. కానీ బిడ్డ చదువును తల్లి పట్టించుకునే తీరు మారింది. నారు పోసిన నాడే గాదె నిండదు కదా.

పుస్తకం పడవెక్కిన నేల

ఇలాంటి పనికి మనం కొత్తవాళ్లమేమీ కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినప్పుడు అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా గ్రంథాలయం ఉండాలని తిరిగారు. ముప్ఫైల్లో పాతూరి నాగభూషణం నది అవతలి గట్టున పెదపాలెం కేంద్రంగా పుస్తకాలను పడవెక్కించి కాలువల వెంట పల్లెలకు పంపారు. చదివేవాడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే అతని రేవుకు వెళ్లింది. 1940లో నాస్తికోద్యమ నేత గోరా ముదునూరు గ్రామస్థుల పిలుపు మీద వెళ్లి అక్కడ వయోజనుల చదువు నడిపారు. విద్యామంత్రిగా 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు దివిసీమ బిడ్డే. ఆయన గాంధీక్షేత్రం నేటికీ అవనిగడ్డలోనే ఉంది. ఇన్ని నడిచిన నేల మీద తల్లీబిడ్డల బడి ఒకటి నడపడం అసాధ్యమని ఎవరంటారు?

కోడూరులో ఎలా?

చోటు కోసం వెతకనక్కర్లేదు. 1977 నవంబర్ 19న ఉప్పెన వేల ప్రాణాలను మింగింది. ఆ తర్వాత ఈ తీరమంతా తుఫాను షెల్టర్లు లేచాయి. గాలివాన రాత్రి ఇంటిల్లిపాదీ చేరి ప్రాణాలు నిలుపుకోవడానికి కట్టిన గోడలవి. మామూలు సాయంత్రాల్లో అదే ఇంటిల్లిపాదీ అక్కడ చాప పరుచుకుని కూర్చోవచ్చు. షెల్టర్ లేని చోట అంగన్‌వాడీ అరుగు చాలు, బడి వరండా చాలు.

వేళను ఊరు నిర్ణయించుకోవాలి. నాట్ల నెలలో ఆపి, పని తగ్గాక కొనసాగించాలి. వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున. మొదటి అరగంట బిడ్డలు ఆడుకుంటుంటే తల్లులు అక్షరాలు దిద్దుతారు. తర్వాతి అరగంట ఒక బొమ్మల పుస్తకం చుట్టూ ఇద్దరూ కలిసి కూర్చుంటారు. చివరి అరగంట తల్లులు మాట్లాడుకుంటారు. బిడ్డ తినకపోవడం గురించి, జ్వరం గురించి, కొట్టకుండా చెప్పడం గురించి. డ్వాక్రా సంఘం ఎలాగూ నెలనెలా కూర్చుంటుంది. ఆ పుస్తకంలో పొదుపు లెక్కతోపాటు ఆ నెల ఎవరు ఎన్ని పేజీలు చదివారన్న లెక్కా చేరాలి.

చెప్పేవారు ఎవరు? ఇంటర్ చదివి ఊళ్లోనే ఉన్న కోడళ్లూ ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్లకు శిక్షణా, తగిన గౌరవ వేతనమూ ఇవ్వాలి. ఇప్పటికే రిజిస్టర్లతో, యాప్‌లతో, వండి వడ్డించే పనితో అలసిపోయే అంగన్‌వాడీ టీచరు, ఆయాల మీద ఈ బరువు కూడా వేస్తే అది అన్యాయం. చెరువు గట్టున ఉండే కుటుంబాల దగ్గరికి బడే వెళ్లాలి. పడవెక్కిన పుస్తకం ఇవాళ సైకిలెక్కి గట్టుకు చేరాలి. వేటకూ పనికీ వెళ్లి వచ్చే తండ్రులను వదిలేయకూడదు. వల అల్లుతూ కూర్చున్న తండ్రి పక్కన బిడ్డ ఆ వల కన్నులు లెక్కపెడితే అదీ పాఠమే. పొరుగు రాష్ట్రాలకు వలస వెళ్లినవాళ్ల పిల్లల్ని చూసుకునే తాతనూ నాయనమ్మనూ మొదటి వరసలో కూర్చోబెట్టాలి.

ఇంట్లో పది నిమిషాలు

అన్నం పెడుతూ పళ్లెంలో ఉన్నవాటి పేర్లు, రంగులు, రుచులు చెప్పించండి.

పడుకునే ముందు ఒక కథ చెప్పండి. మధ్యలో ఆపి, తర్వాత ఏమవుతుందో బిడ్డను అడగండి.

సబ్బు కాగితం, బియ్యం బస్తా, బస్సు బోర్డు మీద బిడ్డ పేరులోని మొదటి అక్షరం వెతకండి.

గిద్దా సోలా గ్లాసులతో బియ్యం కొలిపించండి.

చదువు రాకపోయినా పుస్తకం తెరిచి బొమ్మలు చూస్తూ మీ మాటల్లో చెప్పండి. బిడ్డ చదివితే చివరిదాకా వినండి.

తెలుగులోనే మాట్లాడండి. ఇంటి భాష గట్టిగా నాటుకున్న బిడ్డకు బడిలో ఏ భాషైనా వస్తుంది.

మళ్లీ బియ్యం పళ్లెం దగ్గరికి

అక్షరాభ్యాసం రోజున పోసిన బియ్యం ఆ తర్వాత ఇంటిల్లిపాదీ వండుకుని తినేదే. దిద్దిన అక్షరం బియ్యంలో కలిసిపోతుంది, బియ్యం అన్నమవుతుంది. చదువు కూడా అంతే మామూలుగా, అంత అవసరంగా ఇంట్లో కలిసిపోవాలని కోరుకోవడం అత్యాశ కాదు.

వచ్చే విజయదశమికి కోడూరు శివారులో ఏదో ఒక ఇంట్లో పళ్లెం నిండా బియ్యం పోస్తారు. పంతులుగారు వస్తారు, దీవిస్తారు. అప్పుడు ఆ తల్లి వెనక్కి తప్పుకోకుండా ముందుకొచ్చి బిడ్డను తన ఒళ్లోకే తీసుకుని, ముగ్గు తిప్పిన తన వేళ్లతో ఆ చిట్టి వేలిని పట్టుకుని, తానే 'అ' దిద్దించాలి. కాలువ నీళ్లు చివరి మడికి చేరిన రోజు అదే.